వంకకొమ్ము బర్రెకు డిటెక్టివ్ నవల

గౌలిపురలో బుచ్చయ్య ఆ రోజు పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మూడు బర్రెలను పిండాలి, గల్లీలో పాలు పోసి రావాలి, ఏడు కొట్టేసరికి సైకిలెక్కి అఫ్జల్‌గంజ్ పోయి బర్రెల దాణాకు ఒక బస్తా పల్లిచెక్క తెచ్చుకోవాలి. ఊహ తెలిసినప్పటి నుంచి చేస్తున్న పనే. ఒక్కటే తేడా, గల్లీలో పాలు పోసే భార్య ఆండాలు ఇంట్లో లేదు. అక్క మనవణ్ని తొట్లెలో వేస్తున్నారని ముందురోజు సాయంత్రం పాలు పోశాక భువనగిరి వెళ్లింది. ఇవాళ సాయంత్రానికి వస్తుంది.

బస్సు కదిలేదాకా కిటికీలోంచి చెబుతూనే ఉంది. "నవల సంగతి అడుగుతరు. నువ్వు నోరు తెరవకు. ఆండాలు వచ్చి చెప్తది అను, అంతే."

"నవల చెప్పుడు గంత పెద్ద పనా?" అన్నాడు బుచ్చయ్య.

ముప్పై ఏళ్లుగా బర్రెల మధ్య బతికినవాడికి అంతకంటే ఏం చెప్తామన్నట్టు ఆండాలు ఒక చూపు చూసింది.

ఆండాలు గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. ఆమె చదివింది ఏడో తరగతి. అయితేనేం, సోమశేఖర్ అద్దె పుస్తకాల దుకాణంలో ఖాకీ అట్టలు వేసి పెట్టిన నవలల్లో ఆమె చేయి పడనిది లేదు. చదవడమే కాదు, చదివిన ప్రతిదాని మీదా ఒక తీర్పు ఇచ్చేది. ప్రేమ నవల చదివితే, "పోరడు పొద్దుందాక కారుల తిరుగుతుండు. నౌకరీ లేదు, చాకిరీ లేదు. పెట్రోలు ఎవరు పోస్తున్నరో రాసినామెకన్న తెలుసా?" అనేది. రాజుల నవల చదివితే, "యుద్ధం నడుమ నిలబడి రాజు నాలుగు పేజీలు మాట్లాడిండు. అవతలోడు కత్తి పట్టుకొని గంతసేపు ఏం చేస్తుండె, పేలు చూసుకుంటుండెనా?" అనేది. ఆమె బాగుందంటే ఆ పుస్తకం సోమశేఖర్ దగ్గర నెల దాకా దొరికేది కాదు. బాగాలేదంటే ఇంకా ముందే అయిపోయేది. ఎంత బాగాలేదో చూద్దామని జనం ఎగబడేవారు.

ఇక బర్రెల సంగతి. మూడేళ్ల కింద ఒకనాడు బుచ్చయ్య వంకకొమ్ము బర్రెను పిండుతుంటే, ఆండాలు పక్కన గడ్డిమోపు మీద కూర్చుని డిటెక్టివ్ నవల పైకి చదువుకుంటోంది. ఆ రోజు వంకకొమ్ముది అరలీటరు ఎక్కువిచ్చింది. మర్నాడు అదే బర్రెకు ఏడుపు నవల చదివితే బకెట్టు తన్నింది. దాంతో బుచ్చయ్యకు గట్టి నమ్మకం కుదిరింది. వంకకొమ్ముదానికి డిటెక్టివ్, పెద్దబర్రెకు అత్తాకోడళ్ల కథ, నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్కబర్రెకు దయ్యాల నవల అని కొట్టంలో ఒక పద్ధతి ఏర్పడింది. పూట పూటకూ ఒక్కో బర్రె దగ్గర ఒక్కో అధ్యాయం. చదవడం రాని బుచ్చయ్య ఇలా ఏకకాలంలో మూడు నవలలు వింటూ వచ్చాడు. కాకపోతే చెవులు నవల మీదా, కళ్లు పొదుగు మీదా ఉండేవి.

గల్లీలో పదకొండు ఇళ్లకు పాలు పోస్తారు. అందులో మూడిళ్లకు మాత్రం ఒక్క బర్రె పాలే కావాలి. అంటే ఈ బర్రెవీ ఆ బర్రెవీ కలపకూడదు. పసిపిల్లలున్న ఇళ్లలో ఉండే పట్టింపే అది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్నవాళ్ల ఇంటి పెద్దావిడ వాసవాంబ, మనవడి కోసం పెద్దబర్రె పాలే పోయించుకునేది. బడిపంతులమ్మ లీలమ్మకు బర్రె మారితే కడుపులో గడబిడ, అందుకని చుక్కబర్రె. రైల్వే ఖలాసీ భార్య కాశమ్మకు పిల్లలూ లేరు, గడబిడా లేదు. కానీ ఆ ఇద్దరికీ ఉన్న మర్యాద తనకెందుకు ఉండకూడదని వంకకొమ్ముదాన్ని పట్టుకుంది. బుచ్చయ్య మూడు క్యానులకు మూడు రంగుల గుడ్డలు కట్టి ఇచ్చేవాడు, ఆండాలు పట్టుకెళ్లి పోసేది. పాలు ఏ బర్రెవో కథ కూడా ఆ బర్రెదే. ఆ మూడిళ్ల అరుగుల దగ్గర మిగతా ఎనిమిదిళ్ల ఆడవాళ్లూ చెంబులతో నిలబడి వినేవారు.

నెల కింద గల్లీ మూలన సర్కారు పాల బూతు వచ్చింది. గాజు సీసా, మీద తళతళలాడే రేకు మూత. పక్క గల్లీల పాలవాళ్లకు సగం ఇళ్లు పోయాయి. బుచ్చయ్యకు ఒక్క ఇల్లూ పోలేదు. సీసా కథ చెప్పదు కదా!

ఆ పొద్దున ఆండాలు లేదు, చదివేవాళ్లు లేరు. పెద్దబర్రె, చుక్కబర్రె మొహమాటానికి ఇచ్చాయి. వంకకొమ్ముది మాత్రం పాలు పైకి ఎగబట్టి, చేపకుండా నిలబడింది. "డిటెక్టివ్ సిగరెట్టు ముట్టించిండే అవ్వా, ఇంకొకడు చచ్చిండే" అని బుచ్చయ్య తనకు గుర్తున్నంత బతిమాలితే ఎట్టకేలకు రెండు లీటర్లు రాల్చింది. కాశమ్మకు అది చాలు. పాలు పోయడానికి వెళ్లేసరికి ఆలస్యమైంది గానీ, మూడు క్యానుల్లో మూడు బర్రెల పాలు, చుక్క కలవకుండా ఉన్నాయి.

కాశమ్మ అరుగు మీదే ఉంది. పాలు పోయించుకోకుండానే అడిగింది. "బుచ్చన్నా, మేనేజరును చంపింది ఎవరు?"

"ఆండాలు వచ్చి చెప్తది వదినా."

"రాత్రంత నాకు నిద్ర లేదు. లోపట గొళ్లెం పెట్టిన అర్రల మనిషిని ఎవరు చంపుతరు? గిట్ల సతాయించే బదులు బూతుల సీసా తెచ్చుకున్నది నయం. మధ్యల ఆపేది ఉండదు."

కాశమ్మ నవ్వుతూనే అంది. కానీ సీసా మాటను బుచ్చయ్య నవ్వులాటగా తీసుకోలేదు. కాశమ్మ కదిలితే గల్లీ అంతా కదులుతుంది. నవల గురించి ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాలి. అతనికి ఒక పాల గ్లాసు గుర్తొచ్చింది, తలుపు చాటున నిలబడ్డ ఒక ఆడమనిషి గుర్తొచ్చింది. అవి పెద్దబర్రె దగ్గర విన్నవని మాత్రం గుర్తు రాలేదు.

"అత్త చంపింది" అన్నాడు.

"ఏ అత్త?"

"గదే, తలుపు చాటుకు నిలబడి ఉంటది గద, ఆమె. పాల గ్లాసుల మందు కలిపింది."

"మేనేజరుకు పెండ్లే కాలేదు గదనయ్యా! అత్త ఏడికెళ్లొచ్చింది?"

"డిటెక్టివ్ గూడ గదే అడిగిండు" అని బుచ్చయ్య గబగబా పాలు పోసి సైకిలెక్కాడు.

వాసవాంబ మనవణ్ని ఒళ్లో వేసుకుని ఎదురుచూస్తోంది. అత్త ఆరళ్లు పడలేక వానలో ఇల్లు విడిచిన కోడలి కోసం ఆమె పది రోజులుగా కన్నీళ్లు పెట్టుకుంటోంది. "కోడలు తిరిగొచ్చిందా బుచ్చయ్యా?"

ఈసారి బుచ్చయ్య కొంత ధైర్యం చేశాడు. మంచి మాట చెబితే పోయేదేముంది? "వచ్చిందమ్మా."

"నా తల్లే! ఎప్పుడొచ్చింది?"

"రాత్రి పన్నెండు గొట్టంగ. గజ్జెలు చప్పుడు చేసుకుంట బావిలకెళ్లి పైకి వచ్చింది."

వాసవాంబ ముఖం పాలిపోయింది. "బావిలకెళ్లా? అంటే చచ్చిపోయిందా?"

"కాళ్లు గూడ ఎనుకకు తిరిగి ఉన్నయమ్మా" అన్నాడు బుచ్చయ్య, ఉన్నది దాచకూడదని. వాసవాంబ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

లీలమ్మ బడికి తయారవుతూ గిన్నె పట్టుకొచ్చింది. "మొన్న ఆదివారం పాస్టరుగారు గూడ దయ్యాలను నమ్మొద్దన్నరు బుచ్చయ్యా. ఇంతకూ ఆ బంగళాలోని దయ్యం ఏమైంది?"

"పట్టుకపోయిన్రు టీచరమ్మా. డిటెక్టివ్ బేడీలేసిండు."

"దయ్యం చేతులకు బేడీలు ఎట్ల నిలుస్తయి?"

బుచ్చయ్య ఆలోచించాడు. "సిగరెట్టు ముట్టించి వేసిండు" అన్నాడు.

మూడిళ్లూ అయిపోయాయి. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సీసా మాట మళ్లీ ఎత్తలేదు. నవల చెప్పడం ఇంత సులువని తెలియక ఆండాలు ఇన్నాళ్లూ తనను బెదరగొట్టిందని అనుకుంటూ బుచ్చయ్య అఫ్జల్‌గంజ్ దారి పట్టాడు. పల్లిచెక్క బేరం చేస్తూ ఈల కూడా వేశాడట.

ఎనిమిదింటికి నల్లా దగ్గర ముగ్గురూ కలిశారు. వాసవాంబ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోడలు దయ్యమైందని ఆమె చెప్పగానే లీలమ్మ బిందె కింద పెట్టింది. "గజ్జెలు, బావి, వెనుకకు తిరిగిన కాళ్లు, అది నా కథ గద! మీ కథలకు ఎట్ల వచ్చింది?"

"నా కథలకు అత్త వచ్చింది" అంది కాశమ్మ. "పాల గ్లాసు పట్టుకొని ఉన్నది."

"ఆ అత్త మాదే!" అంది వాసవాంబ.

కాశమ్మ తెలివి గలది. ఆమె బిందె నిండి పొర్లుతున్నా చూడలేదు. "అర్థమైందా? ఇన్నొద్దులు ఏ బర్రె పాలకు ఆ బర్రె కథే వచ్చింది. ఇయ్యాల నా పాలల్ల మీ పెద్దబర్రె కథ వచ్చింది. అంటే ఏంది? మా పాలల్ల మీ పాలు కలిసినయి!"

ఇక ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తు రావడం మొదలైంది. పొద్దున చాయ రుచే వేరేగా ఉందని కాశమ్మ అంది. మనవడు రెండు గుక్కలు తాగి గ్లాసు నెట్టేశాడని వాసవాంబ అంది. తనకు అప్పటిదాకా ఏమీ లేదు గానీ, ఇప్పుడు అనుకుంటుంటే కడుపులో గడబిడగానే ఉందని లీలమ్మ ఒప్పుకుంది. చుట్టూ ఉన్న ఎనిమిదిళ్ల వాళ్లూ, ఏ బర్రె పాలైనా ఒకటే అనుకున్నవాళ్లు కూడా, మోసపోయామని ముక్కు మీద వేలేసుకున్నారు.

బుచ్చయ్య బస్తాతో వచ్చేసరికి కొట్టం ముందు పదకొండు మంది ఆడవాళ్లు.

"పాలు కలుపుతవానయ్యా? పసిపిల్లగాడు తాగే పాలు!" అంది వాసవాంబ.

బుచ్చయ్య చేతిలోంచి సైకిలు జారిపడింది. "నేను కలిపిన్నా? మా బాపు కాలం నుంచి పోస్తున్నం అమ్మా. నీళ్లు కలిపినోన్ని చూసిన, పిండి కలిపినోన్ని చూసిన. మా ఇంట్ల మాత్రం బర్రెకు బర్రె కూడ కలపలే. బర్రెల మీద ఒట్టు!"

"మరి మేనేజరుకు అత్త ఏడికెళ్లొచ్చింది?" అని కాశమ్మ నిలదీసింది.

'కథలే కలిసినయి, పాలు కలవలే' అని బుచ్చయ్య మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. మూడేళ్లుగా ఒక్కసారి కలవని కథలు ఇవాళే ఎందుకు కలుస్తాయి? చివరికి వాసవాంబ తీర్పు చెప్పింది. సాయంత్రం బర్రెలను గల్లీలోకి తోలుకొచ్చి, అందరి కళ్ల ముందు పిండాలి. ఎవరి బర్రె పాలు వాళ్లు రుచి చూస్తారు. తేడా వస్తే రేపటి నుంచి గల్లీ మొత్తం బూతు సీసాలే.

బుచ్చయ్యకు అన్నం సహించలేదు. ఇళ్లు పోతాయన్న భయం ఒకెత్తు, అబద్ధాలకోరు అనిపించుకోవడం ఒకెత్తు. మూడు క్యానుల గుడ్డలను అటూ ఇటూ తిప్పి చూసుకుని, కళ్ల నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

నాలుగింటికి మూడు బర్రెలు గల్లీ దారి పట్టాయి. వెనుక బుచ్చయ్య, అతని చంకలో ఖాకీ అట్ట డిటెక్టివ్ నవల. కూడలిలో గాజుల బండి అతను చూసి, "క్యా బుచ్చయ్యా, భైంసోఁ కీ బరాత్ కిదర్ జారీ?" అంటూ, బర్రెల పెళ్లి ఊరేగింపు ఎటు పోతోందని నవ్వాడు. బుచ్చయ్య బర్రెలను అదిలించి ముందుకు తోలాడు.

వాసవాంబ ఇంటి ముందు జాతర అయింది. పెద్దబర్రె ఇచ్చింది. చుక్కబర్రె ఇచ్చింది. వంకకొమ్ముది, ఇంతమంది జనాన్ని ఎన్నడూ చూడనిది, నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడింది. చుక్క రాలలేదు.

"చూసిన్రా? ఇది ఒట్టిపోయింది!" అంది కాశమ్మ. "ఒట్టిపోయిన బర్రె పొద్దుగాల నాకు పాలెట్ల ఇచ్చింది?"

"ఒట్టిపోలేదు వదినా, నవల కావాలె దీనికి" అని బుచ్చయ్య పుస్తకం తీసి లీలమ్మకు దండం పెట్టాడు. "టీచరమ్మా, జర రెండు పేజీలు చదువుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

లీలమ్మ కళ్లజోడు సవరించుకుని చదివింది. మూడో తరగతికి పాఠం చెప్పినట్టు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "మేనేజరు ఎక్కడ పడి ఉన్నాడు?" అని అడిగి, జనం "గదిలో" అన్నాక ముందుకు పోయింది. వంకకొమ్ముది తోకతో బుచ్చయ్య చెంప మీద ఒకటి ఇచ్చింది. రెండో పేజీకి లీలమ్మ ప్రశ్నలు ఆపేసింది. మూడో పేజీకి గొంతు తగ్గింది. నాలుగో పేజీకి పెదాలు మాత్రమే కదిలాయి. ఆ తర్వాత అవీ కదల్లేదు. పేజీలు గబగబా తిరుగుతున్నాయి.

"బయటికి చదువమ్మా!" అని కాశమ్మ అరిచింది.

"ఆగండి, గొళ్లెం సంగతి తేలుతున్నది" అంది లీలమ్మ తలెత్తకుండా.

అప్పుడు గల్లీ మొదట్లో సంచీ పట్టుకుని ఆండాలు కనబడింది. నడివీధిలో తన మూడు బర్రెలు, వాటి కింద తన మొగుడు, చుట్టూ తన శ్రోతలు. ఏమైందని ఆమె అడగలేదు. సంచీ అరుగు మీద పెట్టి, లీలమ్మ చేతిలోంచి పుస్తకం తీసుకుని, బర్రె మెడ మీద చేయి వేసి అందుకుంది. "డిటెక్టివ్ కిటికీ కాడ నిలబడి సిగరెట్టు ముట్టించిండు... ఇగ చూడు, ఇంకొకడు పాయె. గీయన సిగరెట్టు బందు వెడితే సగం మంది బతుకుదురు."

వంకకొమ్ముది పెద్దగా నిట్టూర్చి చేపింది. బకెట్టులో పాలు జొయ్యిమన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. బుచ్చయ్య లేచి నిలబడి ఒళ్లు దులుపుకున్నాడు. పాల తగువు మొదలయ్యాక అతని ముఖంలో నవ్వు కనబడటం అదే మొదలు.

"ఇగ తాగుండ్రి అమ్మా. ఎవరి బర్రెది వాళ్లకు, మీ కండ్ల ముంగట పిండిన. కలిసిందో లేదో మీరే చెప్పుండ్రి."

మూడు గ్లాసులు మూడు చేతుల్లోకి వెళ్లాయి. కాశమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. వాసవాంబ మనవడి నోటికి పెడితే వాడు తల తిప్పుకున్నాడు. లీలమ్మ రెండోసారి తాగి చూసింది.

"ఇవి నా పాలు కాదు" అంది కాశమ్మ మెల్లగా.

"మావీ కాదు. పొద్దుగాల గిదే రుచి ఉండె" అంది వాసవాంబ.

"నిన్నటి దాక తాగినవి గివి కావు" అంది లీలమ్మ. "మూడేళ్ల సంది తాగుతున్న. నాలుక మరుస్తదా?"

బుచ్చయ్యకు మతి పోయింది. ఇవి కళ్ల ముందు పిండినవి. పొద్దుటివి తన చేత్తో, చుక్క కలవకుండా పోసినవి. మరి నిన్నటిదాకా పోసినవేమిటి? నిన్నటిదాకా పోసింది ఎవరు? అతను భార్య వంక చూశాడు. ఆండాలు పుస్తకంలో పేజీ మడత పెట్టుకుంటోంది, చాలా శ్రద్ధగా.

"బర్రెలు బెదిరినయి అక్కా" అంది ఆమె తలెత్తి. "నేను ఊర్ల లేకుంటి, అవి ఫికర్ పడ్డయి. ఫికర్ పడితే పాల రుచి మారుతది. రేపు పొద్దుగాలకు ఎప్పటి లెక్కనే ఉంటయి, నాది పూచీ. ఇగ మేనేజరును చంపింది అత్త కాదు. ఎవరో రేపు చెప్త."

ఆ మాటతో గల్లీ చల్లబడింది. రేపు చూస్తామని ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుపోయారు.

కొట్టంలో బర్రెలను కట్టేశాక బుచ్చయ్య మూడు రంగుల గుడ్డలూ తెచ్చి భార్య ముందు పెట్టాడు. "నిజం చెప్పు."

ఆండాలు గడ్డిమోపు మీద కూర్చుంది. "ఒక చేతుల పుస్తకం ఉంటది, ఒక చేతుల కొలత ఉంటది. కథ మస్తు రంజుగున్నప్పుడు గుడ్డ ఎవరు చూస్తరయ్యా? చేతికి ఏ క్యాను వస్తే అది పోసిన. ఒక క్యాను అయిపోతే ఇంకొకదాంట్లకెళ్లి పోసిన."

"ఎన్నొద్దుల సంది?"

"మొదటి నవల సంది."

బుచ్చయ్య గుడ్డలు చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్లు తాను గుడ్డలు కట్టాడు, బర్రెల మీద ఒట్లు పెట్టుకున్నాడు. కలిపినన్నాళ్లూ మెచ్చుకున్నారు, కలపని ఒక్కరోజు పట్టుకున్నారు. అతనికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మూలమూలన తళతళలాడే సీసాలు కళ్ల ముందు కదిలాయి. ఏం చేయాలో తోచక లేచి వంకకొమ్ముదాని ముందు పల్లిచెక్క వేసి, దాని ముఖం కాసేపు నిమిరాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి మూడు బర్రెలనూ పిండాడు. పాలన్నీ ఒకే గుండిగలో పోశాడు. గరిటెతో బాగా తిప్పాడు. మళ్లీ మూడు క్యానుల్లో నింపి, మూడింటికీ మూడు రంగుల గుడ్డలు జాగ్రత్తగా కట్టి ఆండాలు చేతికిచ్చి, తను కూడా వెనకాలే వెళ్లాడు.

కాశమ్మ గ్లాసెత్తి ఒక గుక్క తాగింది, కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగింది.

"ఇగో, ఇదీ నా వంకకొమ్ముది!" అంది. "గిట్ల ఎవరితోని కలపకుండ పొయ్యి బుచ్చన్నా, మేం బూతు దిక్కు చూస్తే అడుగు."